నూరు పక్కన సున్నా

ఈ సంచికకి ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు, "నాకు కవిత్వం రాదు, కథ రాదు. రెండేళ్ళుగా మన బాస్కెట్‌బాల్ జట్టుకి స్కోరు షీటు రాస్తున్నాను, అదొక్కటే వచ్చు" అన్నాను. "అయితే దాని గురించే రాయి" అన్నారు. నవ్వులాటకి అన్నారో నిజంగానే అన్నారో గానీ నేను నిజమనే తీసుకున్నాను. అంచేత మిత్రులారా, ఈ వ్యాసం ఒక కాగితం గురించి. అరవై ఏళ్ళ పైచిలుకు కిందట అమెరికాలో జరిగిన ఒక ఆట తాలూకు అంకెల పట్టిక. దాన్ని అక్కడ బాక్స్ స్కోరు అంటారు. చివర్లో మన కాలేజీ కాగితం సంగతి కూడా చెబుతాను. అది చెప్పడానికే ఇదంతా.

1962 మార్చి 2. పెన్సిల్వేనియా రాష్ట్రంలో హెర్షీ అనే చిన్న వూరు, చాక్లెట్ల తయారీకి పేరుపడ్డది. అక్కడ ఎన్.బి.ఏ. జట్లు రెండు, ఫిలడెల్ఫియా వారియర్స్, న్యూయార్క్ నిక్స్, తలపడ్డాయి. చూడవచ్చినవాళ్ళు 4,124 మంది. మా పక్కవూరి జాతరకి ఇంతకంటే ఎక్కువమందే వస్తారు. ఆ రాత్రి వారియర్స్ సెంటర్ విల్ట్ ఛాంబర్లిన్ ఒక్కడే నూరు పాయింట్లు చేశాడు. జట్టు 169-147 తేడాతో గెలిచింది.

విచిత్రమేమిటంటే ఆ ఆటని టెలివిజన్లో చూపలేదు. ఆట తాలూకు ఫిల్ము లేదు. నాలుగో క్వార్టర్ రేడియో వ్యాఖ్యానం, కొన్ని ఫోటోలు మాత్రం మిగిలాయి. ఫోటోల్లో ఒకటి లోకమంతా చూసిందే: ఛాంబర్లిన్ "100" అని రాసిన కాగితం ముక్క పట్టుకుని కూర్చుని వుంటాడు. ఆ అంకె రాసిపెట్టినవాడు హార్వే పొల్లాక్. ఆ రాత్రి జట్టు ప్రచారం పని ఆయనదే, లెక్కలు రాసే పనీ ఆయనదే, పత్రికలకి వార్త పంపే పనీ ఆయనదే. 1946 నుంచి 2015లో చనిపోయేదాకా లెక్కలు రాస్తూనే వున్నాడాయన. స్కోరర్ల జాతికి మూలపురుషుడనాలి. నాకు మాత్రం ఛాంబర్లిన్ కంటే ఆయనే ఎక్కువ ఇష్టం.

ఫిల్ము లేదు గాబట్టి ఆ ఆటకి అసలు సాక్షి పట్టికే. సాక్షి బోనెక్కినప్పుడు మొత్తం వినాలి గదా! అందరూ మొదటి ముక్క "నూరు" విని, చప్పట్లు కొట్టి లేచిపోతారు. నేను ఆ పట్టికని నోటుబుక్కులో ఎత్తి రాసుకుని, పై నుంచి కింది దాకా వరస తర్వాత వరస కూడి చూశాను. నాలుగు రాత్రులు పట్టింది. మెకానిక్స్ రికార్డు పూర్తి చేయకుండా ఇదేం పనిరా అని నా రూమ్మేటు తిట్టాడు కూడా.

ముందు ఛాంబర్లిన్ వరస. మైదానం నుంచి 63 సార్లు వేశాడు, 36 పడ్డాయి. ఒక్కోటి రెండు పాయింట్లు. మూడు పాయింట్ల షాటు ఎన్.బి.ఏ.లోకి వచ్చింది 1979-80లో గనక అప్పటికి ఆ గొడవ లేదు. ఫ్రీ త్రోలు 32 వేస్తే 28 పడ్డాయి, ఒక్కోటి ఒక పాయింటు. 72కి 28 కలిపితే నూరు. ఆట 48 నిమిషాలూ కూర్చోకుండా ఆడాడు. రీబౌండ్లు 25, అసిస్టులు 2.

నిజం చెప్పొద్దూ, నేను మొదట ఈ వ్యాసాన్ని ఛాంబర్లిన్ మీద దండయాత్రగా మొదలుపెట్టాను. జట్టు మొత్తం 115 షాట్లు వేస్తే అందులో 63 ఒక్కడే వేశాడు. మిగతావాళ్ళు బంతి అందించే కూలీలా? ఇది స్వార్థం కాదా? ఇదీ నా వాదం. వాదం బలంగా వుండాలని లెక్క వేశాను. లెక్క నా మీదే తిరగబడింది. అమెరికా లెక్కలవాళ్ళు ఒక్కో ఫ్రీ త్రోని 0.44 షాటు కింద కడతారు. ఆ లెక్కన ఛాంబర్లిన్ వాడుకున్న అవకాశాలు 77, తెచ్చిన పాయింట్లు 100. అంటే ఒక్కో అవకాశానికి 1.30. మిగతా జట్టంతా కలిసి మైదానం నుంచి 52 వేసి 27, ఫ్రీ త్రోలు 20 వేసి 15, మొత్తం 69 పాయింట్లు. ఒక్కో అవకాశానికి 1.13. అంటే ఆ రాత్రి బంతి అతనికివ్వడమే సరైన పని. స్వార్థమన్న మాట అంకెలు ఒప్పుకోలేదు. ఒప్పుకోనప్పుడు మాట వెనక్కి తీసుకోవాల్సిందే గదా, తీసుకున్నాను.

ఇంకో వింత ఆ ఫ్రీ త్రోలు. ఆ సీజనంతా కలిపి ఛాంబర్లిన్ 1,363 ఫ్రీ త్రోలు వేస్తే 835 పడ్డాయి. నూటికి 61. ఆ లెక్కన 32కి పంతొమ్మిదో ఇరవయ్యో పడాలి, 28 పడ్డాయి. మనకి స్టాటిస్టిక్స్‌లో చెప్పిన బైనామియల్ సూత్రంతో కడితే 28గానీ అంతకంటే ఎక్కువగానీ పడే అవకాశం రమారమి తొమ్మిది వందలకు ఒకటి. సీజనుకి 80 ఆటలు ఆడాడు గనక ఏదో ఒక రోజున అదృష్టం పండడం మరీ అసాధ్యమేం కాదనుకోండి. అయినా అంచనా ప్రకారం 20 మాత్రమే పడి వుంటే ఆ రాత్రి లెక్క 92 దగ్గర ఆగేది. తొంభై రెండుకి ఈ పాట పాడేవాళ్ళా? మన పది వేళ్ళ లెక్క వల్ల నూరుకి అంత మోజు గానీ, ఆటకి ఆ తేడా తెలుసా?

ఆ సీజన్లో అతను ఫ్రీ త్రోలు కింది నుంచి, రెండు చేతులతో బంతిని మోకాళ్ళ దగ్గరనుంచి పైకి లేపి వేసేవాడు. అమెరికాలో దాన్ని బామ్మ షాటు అని ఎగతాళి చేస్తారు. అలా వేసిన ఆ సీజనే అతని జీవితంలో ఫ్రీ త్రోలు అన్నిటికంటే బాగా పడ్డ సీజను. తర్వాత ఆ పద్ధతి మానేశాడు. అలా వేయడం తనకి ఆడంగితనంగా అనిపించేదని ఆత్మకథలో తానే ఒప్పుకున్నాడు. జీవితం మొత్తం మీద సగటు నూటికి 51కి పడిపోయింది. లాభమని అంకె చెబుతున్నా సిగ్గు అడ్డొచ్చింది! ఏడడుగుల మనిషి, అరణ్యంలో ఏనుగులాంటివాడు, నలుగురూ నవ్వుతారని వెనక్కి తగ్గాడు. సెమినార్‌లో సందేహం అడిగితే వెనక బెంచీవాళ్ళు నవ్వుతారని నోరు మూసుకుని కూర్చునే మాబోటివాళ్ళకి ఈ బాధ బాగానే తెలుసు.

ఇక కింది వరసలు చూడండి. గార్డు అల్ అటిల్స్: ఎనిమిది వేశాడు, ఎనిమిదీ పడ్డాయి. ఫ్రీ త్రో ఒకటి వేశాడు, అదీ పడింది. మొత్తం 17 పాయింట్లు, ఒక్క తప్పు లేదు. మామూలు రోజయితే పేపర్లో అతని బొమ్మ పడేది. నూరు కొట్టిన రోజున కొట్టాడు గనక ఎవరికీ పట్టలేదు. (ఈ అటిల్సే తర్వాత అదే జట్టుకి శిక్షకుడై 1975లో ఛాంపియన్‌షిప్ తెచ్చాడు.) రెండో గార్డు గై రోడ్జర్స్: మైదానం నుంచి పడింది ఒకే ఒక్కటి, కానీ అసిస్టులు 20. అంటే ఇరవై బుట్టలు అతను అందించిన బంతితోనే పడ్డాయన్నమాట. అతని ఫ్రీ త్రోలు 12 వున్నాయి, మైదానం షాట్లు నాలుగే. ఇదేమిటని ఆలోచిస్తే సంగతి బయటపడుతుంది. చివర్లో నూరు కాకుండా ఆపాలని నిక్స్ వాళ్ళు ఛాంబర్లిన్‌ని వదిలేసి మిగతావాళ్ళని కావాలని ఫౌల్ చేశారు. బంతి త్వరగా తిరిగి రావాలని వారియర్స్ వాళ్ళు నిక్స్‌ని ఫౌల్ చేశారు. రోడ్జర్స్ వరసలో ఆ పన్నెండు దాని జాడే అని నా వూహ. రెండు జట్లూ కలిపి ఆ రాత్రి వేసిన ఫ్రీ త్రోలు 93. చివరి నిమిషాల్లో అది ఆటగా లేదు, జనం అరుస్తుంటే పెద్దవాళ్ళు ఆడిన కోతికొమ్మచ్చిగా వుంది. ఆ మచ్చ కూడా పట్టికలో దాగే వుంది, చదివేవాడుంటే.

ఇప్పుడు నా శీర్షికకి వస్తాను. ఆట ముగియడానికి 46 సెకన్ల ముందు పడింది ఆ నూరో పాయింటు. అంతకు ముందు క్షణంలో ఛాంబర్లిన్ వేసిన షాటు పడలేదు. టెడ్ లకెన్‌బిల్ అనే బెంచీ ఆటగాడు దాన్ని పట్టి తిరిగి అందించాడు. మళ్ళీ వేశాడు, మళ్ళీ పడలేదు. మళ్ళీ లకెన్‌బిలే పట్టి జో రూక్లిక్‌కి ఇచ్చాడు. రూక్లిక్ తానే వేసుకోవచ్చు. ఆ రాత్రి అతని ఖాతాలో ఒక్క పాయింటు లేదు. వేయకుండా పైకెత్తి ఛాంబర్లిన్‌కి అందించాడు. బుట్టలో పడింది. జనం మైదానంలోకి దూకారు.

పట్టికలో చూడండి ఈ ఇద్దరి వరసలు. రూక్లిక్: మైదానం 1కి 0, ఫ్రీ త్రో 2కి 0, పాయింట్లు 0. లకెన్‌బిల్: 0కి 0, 0కి 0, పాయింట్లు 0. రూక్లిక్‌కైనా అసిస్టు గడిలో చోటు దొరికింది. లకెన్‌బిల్ రెండుసార్లు ప్రాణం పోసిన బంతికి వేరే గుర్తేమీ లేదు. సొంత జట్టు షాటు తప్పినప్పుడు పట్టిన రీబౌండుని వేరే లెక్క కట్టడం ఎన్.బి.ఏ. మొదలుపెట్టింది 1973-74లో. ఆ రెండు సున్నాలు లేకపోతే ఆ రాత్రి నూరు పడేదో, తొంభై ఎనిమిది దగ్గరే ఆగేదో!

ఓడిన జట్టు గురించీ రెండు మాటలు చెప్పాలి. రిచీ గెరిన్ 39, క్లీవ్‌లాండ్ బక్నర్ 33, విల్లీ నాల్స్ 31. ముగ్గురు ముప్పై దాటినా ఓడిన జట్టు! మామూలు సెంటర్ ఆ రాత్రి ఆడకపోవడంతో ఛాంబర్లిన్‌ని కాసే పని డారల్ ఇమ్హాఫ్ మీద పడింది. 20 నిమిషాల్లో ఆరు ఫౌళ్ళు చేసి బయటికి పోయాడు, 7 పాయింట్లు. లోకం అతన్ని నూరు ఇచ్చినవాడుగానే గుర్తుపెట్టుకుంది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్వర్ణపతకం తెచ్చిన జట్టులో ఆడినవాడతను. మిగతా 28 నిమిషాలూ అతను మైదానంలోనే లేడని పట్టికే చెబుతోంది. ఆ నిందలో సగానికి పైగా మాఫీ చెయ్యాలి.

ఇంతవరకూ పట్టికలో వున్నవి. నా అసలు తగాదా లేనివాటి గురించి.

ఛాంబర్లిన్ గొప్పతనం, అతని ప్రత్యర్థి బోస్టన్ సెల్టిక్స్ సెంటర్ బిల్ రసెల్ గొప్పతనం, రెండూ ఎక్కువగా ఎదుటివాడి షాటుని గాలిలోనే అడ్డుకోవడంలో వున్నాయి. దాన్ని బ్లాక్ అంటారు. ఎన్.బి.ఏ. అధికారికంగా బ్లాకులు లెక్కపెట్టడం మొదలైంది 1973-74లో. రసెల్ 1969లోనే ఆట మానేశాడు. ఛాంబర్లిన్ చివరి సీజను 1972-73. ఒక్క ఏడాది తేడా! ఆ విద్యలో ఆరితేరిన ఇద్దరి అధికారిక రికార్డులోనూ ఆ గడి ఖాళీ.

అదే 1961-62 సీజన్లో జరిగిన మరో సంగతి వినండి. ఛాంబర్లిన్ సగటు ఆటకి 50.4 పాయింట్లు. మొత్తం 4,029. రసెల్ సగటు 18.9. ఆ ఏడాది అత్యుత్తమ ఆటగాడెవరని ఓట్లు వేస్తే గెలిచింది రసెల్! ఆ రోజుల్లో ఆ ఓటు వేసేది ఆటగాళ్ళే. పత్రికలవాళ్ళు ఎంచిన మొదటి జట్టులో సెంటర్ మాత్రం ఛాంబర్లిన్. పట్టిక చదివేవాళ్ళు ఒకణ్ణి ఎంచారు, మోచేతి దెబ్బలు తిన్నవాళ్ళు ఇంకొకణ్ణి ఎంచారు. ఆ వసంతంలో వారియర్స్, సెల్టిక్స్ ఏడో ఆట దాకా పోరాడితే సెల్టిక్స్ 109-107తో గెలిచి, ఆపైన ఛాంపియన్‌షిప్ కూడా కొట్టారు. రెండు పాయింట్ల తేడా గనక దాంతో ఎవరు గొప్పో తేలిపోయిందని నేననను. కానీ ఎదురు నిలబడి ఆడినవాళ్ళకి పట్టికలో లేనిదేదో కనబడిందని మాత్రం గట్టిగా అంటాను.

మా నాన్న పత్తి అమ్ముకుని తెచ్చే తక్‌పట్టీ మీద తూకం వుంటుంది, రేటు వుంటుంది, కమీషను, హమాలీ అన్నీ వుంటాయి. మా అమ్మ వంగి కలుపు తీసిన రోజులకి అందులో గడి లేదు. గడి లేని పని పనే కాదనుకుంటారు, ఇంట్లోవాళ్ళతో సహా. నేనూ అనుకున్నాను చాలాకాలం.

ఇప్పుడు మన కాలేజీ కాగితం. అంతర్జాతీయ పద్ధతిలో వుండే స్కోరు షీటే మనమూ వాడతాం. అందులో నేను రాసేవేమిటి? ఎవరు ఏ పాయింటు చేశారు, ఎవరివి ఎన్ని ఫౌళ్ళు, టైమవుట్లు ఎన్ని. అంతే. రీబౌండు లేదు, అసిస్టు లేదు, బంతి లాక్కున్నది లేదు. 1962లో హెర్షీలో పొల్లాక్ రాసిన దాంట్లో సగం కూడా ఇవాళ నేను రాయడం లేదు.

పోయిన ఏడాది ఒక అంతర్ కళాశాలల పోటీలో మన జట్టు గెలిచింది. ఎదుటి జట్టు పొడుగాటి కుర్రాడొకడు అంతకు ముందు ఆటలో అందర్నీ చెడుగుడాడేశాడు. వాణ్ణి కాయమని మన జూనియర్‌ని దింపారు. పేరు రాయను, రాస్తే వాడు సిగ్గుతో హాస్టల్ వదిలిపోతాడు. ఆటంతా వాడు ఆ పొడుగువాడి చొక్కా నీడలా వెంటబడ్డాడు. పొడుగువాడికి బంతే దొరకలేదు. దొరికినప్పుడు మొహం తిప్పే చోటు లేదు. మనం గెలిచింది అందువల్లనే అని ఆ రోజు చూసిన ప్రతివాడికీ తెలుసు. సాయంత్రం స్కోరు షీటు మీద వాడి వరస: పాయింట్లు నాలుగు, ఫౌళ్ళు నాలుగు. తర్వాత పై జట్టుకి ఎంపిక జరిగినప్పుడు పెద్దలు ఆ షీట్లు తిరగేశారు. నాలుగు పాయింట్లవాణ్ణి పక్కన పెట్టారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళు ఆ ఆట చూడలేదు, చేతికొచ్చిన కాగితం చూశారు. ఆ కాగితం మీద చేతిరాత నాది. అంకెలన్నీ సరిగ్గానే వున్నాయి, ఒక్కటి కూడా తప్పు రాయలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి.

"అయితే అంకెలు తీసేసి కళ్ళతో చూసి ఎంచమంటావా?" అని అడిగారు మా లెక్చరర్ గారొకరు. అబ్బే, అది ఇంకా ప్రమాదం. కళ్ళకి బంధువులుంటారు, వూరివాళ్ళుంటారు, కులంవాళ్ళుంటారు. అంకె కనీసం ఎవరింటికీ భోజనానికి వెళ్ళదు. నేను చెప్పేది అంకెలు తగ్గించమని కాదు, ఇంకొన్ని గడులు గీయమని.

అమెరికాలో ఆ పని చేసుకున్నారు. ఒక ఆటగాడు మైదానంలో వున్నంతసేపూ జట్టు ఎన్ని పాయింట్లు చేసింది, ఎన్ని ఇచ్చింది అని తీసివేత వేస్తారు. దాన్ని ప్లస్-మైనస్ అంటారు. 2009లో మైఖేల్ లూయీస్ అనే రచయిత హ్యూస్టన్ రాకెట్స్ ఆటగాడు షేన్ బాటియే గురించి ఒక పెద్ద వ్యాసం రాశాడు. మామూలు పట్టికలో బాటియే వరస ఎప్పుడూ నీరసంగానే వుండేది. అతను మైదానంలో వుంటే మాత్రం సొంతవాళ్ళు బాగా ఆడేవాళ్ళు, ఎదుటివాళ్ళు తడబడేవాళ్ళు. మన జూనియర్‌కి అన్నలాంటివాడు. ఈ లెక్కలోనూ లొసుగుంది. ఒక్క ఆట మీద ఆధారపడితే పక్కవాడి పుణ్యం వీడి ఖాతాలో పడుతుంది. ప్రాక్టికల్స్‌లో ఒకే రీడింగు తీసుకుని గ్రాఫు గీసినట్టే వుంటుంది. పది ఆటలైనా కూడితే గానీ నమ్మకూడదు. మన స్కోరు షీటులో పాయింట్లు వరసగానే రాస్తాం గనక, ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారో ఎప్పుడు బయటికి పోయారో పక్కన రాసుకుంటే చాలు, ఈ లెక్క రాత్రికి రాత్రి హాస్టల్లో కూర్చుని కట్టేయొచ్చు.

దీనికి యూనియన్‌కి పెద్ద ఖర్చేం లేదు. రెండు వందల పేజీల నోటుబుక్కొకటి, పెన్సిళ్ళు రెండు. ఒకడు రీబౌండ్లు, అసిస్టులు చూస్తాడు, ఇంకొకడు ఎవరు ఎవర్ని కాస్తున్నారో, కాచినవాడి చేతిలో ఎదుటివాడికి ఎన్ని పడ్డాయో రాస్తాడు. మొదట్లో తప్పులు పోతాయి. పోనీండి. పోయిన నెల ప్రాక్టీసు ఆటలో నేనూ నా రూమ్మేటూ ప్రయత్నించాం. మొదటి క్వార్టర్లో ఒక రీబౌండుని నేనొకడికి రాశాను, వాడు ఇంకొకడికి రాశాడు. రెండో క్వార్టర్ నుంచి ఇద్దరి కాగితాలూ కలిశాయి. తిట్టిన రూమ్మేటే ఇప్పుడు గీతలు గీసి పెడుతున్నాడు.

వచ్చే పోటీలు మొదలయ్యే లోపల స్కోరర్ల బల్ల దగ్గర ఇంకో రెండు కుర్చీలు వేయించమని యూనియన్ కార్యదర్శి గారిని ఈ సావనీరు ముఖంగా అడుగుతున్నాను. ఆ కుర్చీల్లో ఒకదానికి మనిషి కుదిరాడు. రెండోదాని కోసం ఆ జూనియర్నే అడిగాను. "నేను ఆడతానన్నా, రాయను" అన్నాడు. కాబట్టి ఇంకొకరు కావాలి. రాత చక్కగా వుండాలి, ఆట మధ్యలో అరవకూడదు.